రెండు నెలల ఇసుక

చేప చూపుతో, పక్షి స్పర్శతో, తాబేలు తలపుతో పిల్లల్ని పెంచుతాయని మన పెద్దలు చెప్తుంటారు. గురువు అనుగ్రహం ఎన్ని రకాలుగా ఉంటుందో చెప్పడానికి ఈ మూడు పోలికలూ వాడతారు. తల్లి తాబేలు ఒడ్డున గుడ్లు పెట్టి నీళ్ళలోకి వెళ్ళిపోతుందట. అక్కడి నుంచే వాటిని తలుచుకుంటూ ఉంటుందట. ఆ తలపుతోనే గుడ్లు పిల్లలవుతాయట. వినడానికి బాగుంటుంది గానీ సైన్సు పుస్తకాలు ఇలా చెప్పవు. గుడ్లు పెట్టి ఇసుక కప్పేశాక తాబేలు బాధ్యత తీరిపోయిందనీ, తల్లికీ పిల్లలకీ ఆ తర్వాత సంబంధమే ఉండదనీ చాలాకాలం పాటు రాశారు. తాబేలు మూగదనీ, పెద్దగా వినపడదనీ కూడా రాశారు.

బ్రెజిల్‌లో ట్రొంబేటాస్ అనే నది ఉంది. అమెజాన్‌కి ఉపనది. అక్కడ కమీలా ఫెరారా, రిచర్డ్ వోగ్ట్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ళ సహచరులు హైడ్రోఫోన్లు, అంటే నీళ్ళలో పనిచేసే మైకులు, దించి విన్నారు. అక్కడి పెద్ద నది తాబేళ్ళు నీళ్ళలో శబ్దాలు చేస్తున్నాయి. ఒకటి కాదు, ఆరు రకాల శబ్దాలు. గుడ్డు పగలకముందే లోపలి పిల్లలు కూడా శబ్దం చేస్తున్నాయి. గుడ్లు పెట్టిన తల్లులు వెళ్ళిపోవడం లేదు. ఆ ఇసుక తిన్నె ఎదురుగా నీళ్ళలోనే వారాల తరబడి ఉండిపోతున్నాయి. పిల్లలు బయటికొచ్చి నీళ్ళలో పడ్డాక తల్లులూ పిల్లలూ కలిసి, నీట మునిగిన అడవుల వైపు ప్రయాణం కడుతున్నాయి. పుట్టిన తర్వాత కూడా తాబేలు పిల్లల్ని పట్టించుకుంటుందనడానికి తొలి ఆధారంగా 2013లో దీన్ని ప్రచురించారు.

పెద్దల మాటని సైన్సు నిరూపించేసింది అని నేను చెప్పబోవడం లేదు. తలపుతో గుడ్లు పొదగవు, ఇసుక వేడితో పొదుగుతాయి. నేను చెప్పదలుచుకున్నది వేరే. ఈ తాబేలుకి కావాల్సింది చాలా తక్కువ. నీళ్ళు తగ్గిన కాలంలో సుమారు రెండు నెలల పాటు ఎవరూ తవ్వని, నీళ్ళు ఎక్కని ఇసుక కావాలి. పెరిగి పెద్దయిన ఆడ తాబేళ్ళు ఏళ్ళ తరబడి బతికి ఉండాలి. ఈ రెండూ ఉంటే మిగతాది అది చూసుకుంటుంది. రెండు వందల ఏళ్ళుగా మనుషులు దానికి ఇవ్వలేకపోయింది ఈ రెండే. ఇందులో ఇప్పుడు మన వృత్తికి, అంటే ఇంజనీర్లకి, పెద్ద పాత్రే ఉంది. అందుకే ఈ వ్యాసం మన మ్యాగజైన్‌లో రాస్తున్నాను.

ముందు పరిచయం

ఈ తాబేలు శాస్త్రీయ నామం పోడోక్నెమిస్ ఎక్స్‌పాన్సా. వెనిజులాలో అర్రావ్ అంటారు, పెరూలో చరాపా అంటారు, బ్రెజిల్‌లో అమెజాన్ తాబేలు అంటారు. దక్షిణ అమెరికా నదుల్లో ఉండే తాబేళ్ళలో ఇదే పెద్దది. ఆడదాని డిప్ప 80 సెంటీమీటర్లు దాటొచ్చు, బరువు అరవై కిలోలు దాటినవీ ఉన్నాయి. మగది చాలా చిన్నగా ఉంటుంది. ఎక్కువగా ఆకులు, పండ్లు, గింజలు తింటుంది. వరద కాలంలో నది పొంగి అడవిలోకి వెళ్తుంది కదా, అప్పుడు ఇదీ అడవిలోకి ఈదుకుంటూ వెళ్ళి రాలిన పండ్లు తింటుంది. ఆ గింజల్ని ఇంకోచోట వదులుతుంది. అంటే ఆ అడవికి ఇది విత్తనాలు చల్లే కూలీ అన్నమాట.

మన తాబేళ్ళకీ దీనికీ ఒక తేడా ఉంది. మన దగ్గరి తాబేలు భయపడితే తలని తిన్నగా వెనక్కి లాక్కుంటుంది. ఇది మెడని పక్కకి మడిచి డిప్ప అంచు కింద పెట్టుకుంటుంది. ఇలా పక్కకి మెడ మడిచే తాబేళ్ళు ఇప్పుడు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, మడగాస్కర్, ఆస్ట్రేలియా, న్యూగినీ వైపే ఉన్నాయి. భారతదేశంలో ఒక్కటి కూడా లేదు. కానీ ఒకప్పుడు ఉండేవి. తమిళనాడులోని కల్లమేడు దగ్గర డైనోసార్ల కాలం చివరినాటి రాళ్ళలో ఇలాంటి తాబేలు శిలాజం దొరికింది. 2001లో దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూర్మడెమిస్. అవును, మన కూర్మావతారంలోని కూర్మమే. అర్రావ్‌కి అది నేరుగా తాత కాదు గానీ ఒకే పెద్ద వంశానికి చెందిన దూరపు చుట్టం. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, భారతదేశం ఒకే భూఖండంగా ఉన్న రోజుల గుర్తు అది. ఆ చుట్టాలు మన దగ్గర అంతరించిపోయాయి, అక్కడ మిగిలాయి.

నీళ్ళు తగ్గే కాలంలో నది మధ్య ఇసుక తిన్నెలు బయటపడతాయి. వందలు, వేల ఆడ తాబేళ్ళు ఒకే తిన్నె మీదికి ఎక్కుతాయి. ఒక్కొక్కటీ లోతుగా గుంత తవ్వి, ఇంచుమించు వంద గుడ్లు పెట్టి, కప్పేసి దిగిపోతుంది. గుడ్డులో ఉన్నది ఆడో మగో ఇసుక వేడి నిర్ణయిస్తుంది. సుమారు 32, 33 డిగ్రీల దగ్గర గీత ఉంది. అంతకన్నా వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి. పిల్ల బయటపడగానే రాబందులు, కొంగలు, కేమన్ మొసళ్ళు, క్యాట్‌ఫిష్‌లు, పిరాన్హాలు కాచుకుని ఉంటాయి. అందుకే అన్నీ కలిసి ఒకేసారి వచ్చి, ఒకేసారి నీళ్ళలో పడితే బతికే అవకాశం ఎక్కువ. గుడ్డులోంచి వినపడే ఆ చిన్న శబ్దాలు ఇందుకే అయ్యుండొచ్చని పరిశోధకులు అనుకుంటున్నారు.

జాడీల లెక్క

గుంపుగా రావడం మొసళ్ళ నుంచి కాపాడింది గానీ మనుషుల నుంచి కాపాడలేదు. అన్నీ ఒకే చోటికి, ఒకే నెలలో వస్తాయని తెలిస్తే మనిషికి అంతకన్నా ఏం కావాలి?

1800లో అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ఓరినోకో నది మీద ప్రయాణిస్తూ ఈ గుడ్ల కోత చూశాడు. నిజంగా పంట కోతలాగే జరిగేది. చుట్టుపక్కల తెగలన్నీ వచ్చి తిన్నెల్ని పంచుకుని తవ్వేవి. గుడ్లని చెక్క దోనెల్లో పోసి, పగలగొట్టి, నీళ్ళు కలిపి ఎండలో పెడితే నూనె పైకి తేలేది. దాన్ని తీసి కాచి జాడీల్లో నింపేవాళ్ళు. దీపాలకీ వంటకీ అదే నూనె. మూడు పెద్ద తిన్నెల మీద ఏడాదికి 5,000 జాడీల నూనె వస్తుందని విని, హంబోల్ట్ వెనక్కి లెక్క కట్టాడు. 3 కోట్ల 30 లక్షల గుడ్లు, అంటే 3,30,000 ఆడ తాబేళ్ళు.

హంబోల్ట్ ఇంకో ముఖ్యమైన సంగతి కూడా రాశాడు. అంతకు ముందు ఆ ప్రాంతం జెసూట్ మతగురువుల చేతిలో ఉండేది. వాళ్ళు తిన్నె మొత్తం తవ్వనిచ్చేవాళ్ళు కాదు, కొంత భాగం ముట్టుకోకుండా వదిలేయించేవాళ్ళు. 1767లో స్పెయిన్ రాజు వాళ్ళని వెళ్ళగొట్టాక వచ్చినవాళ్ళు ఆ నియమం తీసేసి తిన్నె అంతా తవ్వించారు. ఏటేటా గుడ్లు తగ్గుతున్నాయని అప్పటికే అక్కడి వాళ్ళు అనుకుంటున్నారు. అంటే సమస్యా, పరిష్కారమూ రెండూ రెండు వందల ఏళ్ళ కిందే అందరికీ తెలుసు.

ఆ తర్వాత హెన్రీ వాల్టర్ బేట్స్. పదకొండేళ్ళు అమెజాన్‌లో గడిపి 1863లో పుస్తకం వేశాడు. పై అమెజాన్‌లో ఏడాదికి 8,000 జాడీల నూనె తయారవుతోంది, ఒక్కో జాడీకి 6,000 గుడ్లు పడుతున్నాయి, కాబట్టి ఏడాదికి 4 కోట్ల 80 లక్షల గుడ్లు పోతున్నాయి అని ఆయన లెక్క. అతను ఉన్న ఏగా అనే ఊళ్ళో ప్రతి ఇంటి పెరట్లోనూ తాబేళ్ళని ఉంచుకోడానికి చిన్న మడుగు ఉండేదట. మన ఇళ్ళ వెనక కోళ్ళ గూడు ఉన్నట్టు. గుడ్లతో పాటు తల్లుల్నీ పట్టేవాళ్ళు. రాత్రి ఒడ్డెక్కిన తాబేలుని వెల్లకిలా తిప్పేస్తే చాలు, అది ఎక్కడికీ పోలేదు. ఇసుక మీద దానికి వేరే రక్షణ లేదు.

ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? ఆరు దేశాల సమాచారం కలిపి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం సంరక్షణ కార్యక్రమాల కింద ఉన్న ఆడ తాబేళ్ళు 1,47,000 పైచిలుకు. అందులో ఎక్కువ భాగం బ్రెజిల్‌లో, తర్వాత బొలీవియాలో. హంబోల్ట్ మూడు తిన్నెల మీదే మూడు లక్షలకి పైగా లెక్క కట్టిన వెనిజులాలో సుమారు 1,000.

ఫోటోలో కనపడని తాబేలు

తాబేళ్ళ సంరక్షణ అనగానే మనందరి కళ్ళ ముందుకి ఒకే ఫోటో వస్తుంది. పిల్లలు, పెద్దలు వరసగా నిలబడి బకెట్లలోంచి బుల్లి తాబేళ్ళని నీళ్ళలోకి వదులుతుంటారు. అందరి మొహాల్లో నవ్వు. కింద ‘ఈ ఏడాది ఇన్ని వేల పిల్లల్ని వదిలాం’ అని రాసి ఉంటుంది. నాకు ఆ ఫోటో మీద కోపం లేదు. ఆ అంకె మీద అనుమానం ఉంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ఆడ తాబేలు ఏడాదికి 100 గుడ్లు చొప్పున ఇరవై ఏళ్ళు పెడుతుందనుకుందాం. మొత్తం 2,000 గుడ్లు. తాబేళ్ళ సంఖ్య పెరగకుండా తరగకుండా స్థిరంగా ఉందంటే ఆ రెండు వేలలో రెండే, ఒక ఆడది, ఒక మగది, పెరిగి పెద్దవై తల్లిదండ్రుల స్థానంలోకి వచ్చినట్టు. అంటే వెయ్యికి ఒకటి. ఇది నేను ఊహించుకున్న అంకెలతో వేసిన లెక్కే, అంకెలు మార్చి మీరూ వేసి చూడండి. ఎలా వేసినా తేలేది ఒకటే. గుడ్లు పెట్టే వయసుకి వచ్చిన ఒక ఆడ తాబేలుని ఎవరో రాత్రిపూట వెల్లకిలా తిప్పి పట్టుకుపోతే, ఆ నష్టం పూడ్చడానికి బకెట్లలో వందలు, వేల పిల్లల్ని వదలాలి. అవి పెద్దవయ్యేదాకా పదేళ్ళకి పైగా ఆగాలి. ఆ పదేళ్ళలో వాటినీ ఎవరూ పట్టకూడదు.

ఇదేమీ కొత్త విషయం కాదు. 1987లో అమెరికాలో లాగర్‌హెడ్ అనే సముద్ర తాబేళ్ళ మీద ఒక గణిత నమూనా వేశారు. వయసుల వారీగా విడగొట్టి, మ్యాట్రిక్స్‌తో. గుడ్లనీ అప్పుడే పుట్టిన పిల్లల్నీ నూటికి నూరు శాతం కాపాడినా సంఖ్య తగ్గడం ఆగదని, కాస్త పెరిగిన తాబేళ్ళు చావకుండా చూడాలని అందులో తేలింది. రొయ్యల వలల్లోంచి తాబేలు తప్పించుకునే తలుపు పెట్టాలన్న వాదనకి దాంతో బలం వచ్చింది. మొదటి సంవత్సరం మ్యాథ్స్‌లో ఐగెన్ విలువలు ఎందుకు చదువుతున్నామని అడిగేవాళ్ళకి ఇదో జవాబు.

అలాగని గుడ్లు కాపాడటం దండగ అని కాదు. అన్ని గుడ్లూ తవ్వేస్తే ఎంత పెద్ద తల్లులున్నా ఏదో ఒక రోజు ఆగిపోతుంది. నేను అనేది, ‘వదిలిన పిల్లలు’ అనే అంకెని విజయానికి కొలతగా తీసుకోవద్దని. తిన్నె మీదికి మళ్ళీ ఎక్కిన ఆడ తాబేళ్ళు ఎన్ని, వాటిలో కొత్తగా వచ్చినవి ఎన్ని అన్నది కొలత. అది ఫోటోలో రాదు. అది తెలియాలంటే ఇరవై ఏళ్ళు ఒకే తిన్నె దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి.

కూర్చున్నవాళ్ళు

అలా కూర్చున్నవాళ్ళు ఉన్నారు. బ్రెజిల్‌లో జురువా నది ఒడ్డు గ్రామాల వాళ్ళు కొన్ని తిన్నెల్ని పంచుకుని కాపలా కాస్తున్నారు. నీళ్ళు తగ్గిన నెలల్లో తిన్నెకి ఎదురుగా చిన్న గుడిసె వేసుకుని రాత్రీ పగలూ ఉంటారు. దొంగల దగ్గర తుపాకులుంటాయి, వీళ్ళ దగ్గర ఏమీ ఉండదు. పెద్దగా ప్రతిఫలమూ ఉండదు. 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో రెండు రకాల తిన్నెల్నీ పోల్చారు. కాపలా ఉన్న తిన్నెల మీద పరిశీలించిన రెండు వేల పైచిలుకు గూళ్ళలో దొంగల పాలైనవి 2 శాతం. కాపలా లేని చోట 99 శాతం.

ఈ రెండు అంకెల్ని ఓసారి పక్కపక్కన పెట్టి చూడండి. నది ఒకటే. ఊళ్ళు, తినే అలవాటు, పేదరికం అన్నీ ఒకటే. తేడా మనిషి ఉండటం, లేకపోవడం. తాబేళ్ళే కాదు, ఆ కాపలా వల్ల తిన్నె మీద గూళ్ళు పెట్టే నీటి పక్షులు, ఇగువానాలు, కేమన్లు, చుట్టూ నీళ్ళలోని పెద్ద క్యాట్‌ఫిష్‌లు కూడా ఎక్కువగా ఉన్నాయని అందులోనే తేలింది. తాబేలు కోసం వేసిన కంచె అందరికీ పనికొచ్చింది.

ఇక్కడ మనలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ‘అసలు అక్కడివాళ్ళు తాబేళ్ళు తినడం మానేస్తే పోతుంది కదా?’ ఇది దూరం నుంచి చెప్పే మాట. నది పక్కన పుట్టినవాడికి తాబేలు మాంసం పండగ భోజనం. తాతల నాటి వంట. బ్రెజిల్ 1967లోనే అడవి జంతువుల వేటని చట్టంతో నిషేధించింది. 1979 నుంచి ప్రభుత్వం తాబేళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమం నడుపుతోంది. దానివల్ల చాలా మేలు జరిగింది. అయినా అమెజాన్ పట్టణాల్లో దొంగ మాంసం అమ్మకం ఆగలేదు. పట్నంలో డబ్బున్నవాడు ఎక్కువ ధర పెడితే ఊళ్ళో పేదవాడు పడవ తీస్తాడు. నిషేధం పేదవాడి మీద కేసు అవుతుంది, కొన్నవాడి మీద కాదు.

పెరూలో పకాయా-సమీరియా రిజర్వులో ఇంకో దారి పట్టారు. అక్కడ చరాపాకి చెల్లెలి వరస అయిన తరికాయ అనే తాబేలు ఉంది, తల మీద పసుపు మచ్చలుంటాయి. 1990ల నుంచి అక్కడి గ్రామస్తులు సంఘాలుగా ఏర్పడి, వరదకి మునిగిపోయే చోట్ల నుంచి గుడ్లు తెచ్చి, తాము తయారుచేసిన ఇసుక మడుల్లో పాతిపెడుతున్నారు. పుట్టిన పిల్లల్లో ఎక్కువ భాగాన్ని నదిలో వదులుతారు. అనుమతి ఉన్న మేరకు కొన్ని గుడ్లు, పిల్లలు చట్టబద్ధంగా అమ్ముకుంటారు. నిన్నటిదాకా గుడ్లు దొంగిలించిన చెయ్యే ఇవాళ వాటిని లెక్కపెట్టి పాతుతోంది, ఎందుకంటే వచ్చే ఏడాది తాబేలు వస్తేనే వాళ్ళకి ఆదాయం. గుడ్లు చోటు మారిస్తే ఇసుక వేడి మారుతుంది, ఆడ మగ నిష్పత్తి మారిపోవచ్చు, కాబట్టి ఇది జాగ్రత్తగా చేయాల్సిన పని. ‘అమ్ముకోడానికి కాపాడటం ఏం కాపాడటం?’ అని కొందరికి అనిపించొచ్చు. నాకైతే ఇందులో తప్పు కనపడదు. హంబోల్ట్ చెప్పిన జెసూట్ల నియమం కూడా ఇదే కదా. కొంత తీసుకో, కొంత ముట్టుకోకు. అర్రావ్‌లాగా ఆలస్యంగా పెరిగే పెద్ద తాబేలుకి ఇది యథాతథంగా పనికిరాకపోవచ్చు, కానీ నదితో బతికేవాళ్ళని పక్కన పెట్టి నదిని కాపాడలేమన్నది మాత్రం దానికీ వర్తిస్తుంది.

డ్రోన్ చెప్పిన అబద్ధం

ఇప్పుడు మన సరదా విషయానికి వద్దాం. టెక్నాలజీ.

బ్రెజిల్, బొలీవియా సరిహద్దులో గ్వాపొరే అనే నది ఉంది. అక్కడ గుడ్లు పెట్టడానికి చేరే అర్రావ్ గుంపు ఇప్పటివరకు తెలిసినవాటిలో అతి పెద్దది. దాన్ని లెక్కపెట్టిన పద్ధతిని 2025లో ప్రచురించారు. ముందు 1,187 తాబేళ్ళ డిప్పల మీద తెల్ల రంగుతో గుర్తులు వేశారు. పన్నెండు రోజులు, రోజుకి నాలుగుసార్లు డ్రోన్ ఎగరేశారు. వెళ్ళిన ప్రతిసారీ 1,500 ఫోటోలు. వాటిని అతికి ఒకే పెద్ద బొమ్మగా చేశారు.

ఒడ్డున నిలబడి మనుషులు లెక్కపెడితే సుమారు 16,000 వచ్చాయి. డ్రోన్ బొమ్మల్లో కనపడినవాటిని ఏ సవరణా లేకుండా లెక్కపెడితే సుమారు 79,000. ఎంత తేడా! ఏది నిజం? రెండూ కాదు. మనిషి కంటికి అన్నీ కనపడవు. డ్రోన్‌కి ఎక్కువ కనపడతాయి గానీ నడుస్తున్న తాబేలు ఒకటికి రెండుసార్లు బొమ్మలో పడుతుంది. పైగా ఒక తాబేలు ఒకసారి ఎగిరినప్పుడు తిన్నె మీద ఉంటుంది, ఇంకోసారి ఉండదు. తెల్ల రంగు గుర్తుల సాయంతో ఈ తప్పులన్నీ సరిచేస్తే తేలిన సంఖ్య సుమారు 41,000.

ఇది నాకు ఎంతో నచ్చింది. ఖరీదైన పరికరం ఇచ్చిన అంకె కాబట్టి కళ్ళు మూసుకుని నమ్మకూడదు, దాని తప్పు ఎటువైపు ఉందో తెలుసుకుని సరిచేయాలి అన్నది మన ప్రతి ల్యాబులోనూ చెప్పే పాఠమే. ఇక్కడ దాని విలువ ఎంతో చూడండి. ఏడాదికేడాది సంఖ్య పెరుగుతోందా తరుగుతోందా అని తెలియాలంటే లెక్క సరిగ్గా ఉండాలి. ఈసారి మనుషులతో, వచ్చేసారి డ్రోన్‌తో లెక్కపెట్టి ‘తాబేళ్ళు అయిదు రెట్లు పెరిగాయి’ అని ప్రకటించుకుంటే కాపలా తీసేస్తారు.

కానీ డ్రోన్ లెక్కపెడుతుంది, కాపలా కాయదు. హైడ్రోఫోన్ వింటుంది, దొంగ పడవని ఆపదు. మన కాలేజీల్లో ప్రాజెక్టు అనగానే ‘స్మార్ట్’ అని పేరు పెట్టి ఒక సెన్సర్ తగిలిస్తాం. ప్రకృతి సంరక్షణ కోసం జరిగే హ్యాకథాన్లలో కూడా వరస అదే. జురువా ఒడ్డున 99ని 2 చేసింది సెన్సర్ కాదు, గుడిసెలో నిద్ర ఆపుకుని కూర్చున్న మనిషి. డ్రోన్ కొనడానికి డబ్బు దొరికి, ఆ మనిషికి నెల జీతం ఇవ్వడానికి దొరకదంటే, మన ప్రాధాన్యాలు తలకిందులుగా ఉన్నట్టే.

గేటు ఎవరి చేతిలో

చివరిగా, మనకి బాగా దగ్గరైన విషయం. దొంగ తిన్నె తవ్వితే కాపలాదారు ఆపగలడు. నది మట్టం పెరిగితే?

నీళ్ళు తగ్గే కాలం మధ్యలో ఒక్కోసారి హఠాత్తుగా నీళ్ళు పెరిగి, పిల్లలు బయటికి రాకముందే గూళ్ళు మునగడం అమెజాన్‌లో ఎప్పుడూ ఉన్నదే. గుడ్డుకి గాలి అందదు, లోపలి పిల్ల ఊపిరాడక చచ్చిపోతుంది. కానీ ఆనకట్ట వచ్చాక ఇది దేవుడి దయ కాదు, ఆపరేటర్ నిర్ణయం. కరెంటు గిరాకీ పెరిగినప్పుడు నీళ్ళు వదులుతారు, దిగువన మట్టం లేస్తుంది. కొలంబియాలో సినూ నది మీద ఉర్రా అనే ఆనకట్ట ఉంది. ఆ దేశంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని మగ్దలేనా నది తాబేలు దాని దిగువన గుడ్లు పెడుతుంది. నీళ్ళు వదిలినప్పుడు గూళ్ళు మునగడం అక్కడ తెలిసిన సమస్యే. బ్రెజిల్‌లో షింగు నది మీద 11,000 మెగావాట్లకి పైగా సామర్థ్యమున్న బెలో మోంటే ప్రాజెక్టు 2016లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి దిగువన ఉన్న ఎంబౌబాల్ తిన్నెలు అర్రావ్ గుడ్లు పెట్టే అతి ముఖ్యమైన చోట్లలో ఒకటి. నీటి మట్టం ఒక్కటే కాదు, ఇసుక కూడా సమస్యే. ఆనకట్ట వెనక ఇసుక ఆగిపోతుంది, దిగువన తిన్నెకి కొత్త ఇసుక రాదు. ఇది మన సివిల్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

‘అయితే అక్కడివాళ్ళకి కరెంటు వద్దా?’ అని అడగొచ్చు. కావాలి. ఆనకట్టలన్నీ పడగొట్టమని నేను అనడం లేదు. రిజర్వాయర్ నడపడానికి ఒక నియమావళి ఉంటుంది. ఏ నెలలో ఎంత నీళ్ళు ఉంచాలి, ఎంత వదలాలి అని రాసుకుంటాం. అందులో సాగు ఉంటుంది, తాగునీరు ఉంటుంది, కరెంటు ఉంటుంది, వరద ఉంటుంది. దిగువన గూళ్ళున్న ఆ రెండు నెలలు మట్టం ఇంతకన్నా పెరగకూడదు అనే ఒక్క వాక్యం కూడా ఉండాలి. అది కన్‌స్ట్రెయింట్. ఆప్టిమైజేషన్ చదువుకున్న మనకి ఒక కన్‌స్ట్రెయింట్ కలిపితే ప్రోగ్రాం ఆగిపోదని తెలుసు, జవాబు కొంచెం మారుతుంది అంతే. కొంత కరెంటు తగ్గుతుంది. ఆ తగ్గేది ఎంతో లెక్క వేసి బల్ల మీద పెట్టి, అప్పుడు వద్దా కావాలా అని మాట్లాడుకోవచ్చు. కన్‌స్ట్రెయింట్ రాయకపోతే మాత్రం ఆ లెక్కే జరగదు. తాబేలు ఓడిపోయిందని ఎవరికీ తెలియను కూడా తెలియదు.

అందుకే నా అభిప్రాయం ఇది. తాబేళ్ళ మీద జాలి చూపించే ప్రచారాలకీ, బకెట్ల ఫోటోలకీ వెళ్ళే డబ్బులో పెద్ద వాటా ముందు తిన్నెల కాపలాదార్లకి జీతంగా వెళ్ళాలి. లెక్క ‘వదిలిన పిల్లలు’ కాకుండా ‘తిరిగొచ్చిన తల్లులు’ కావాలి. నది పక్కన బతికేవాళ్ళకి ఆ తాబేలు మీద హక్కూ బాధ్యతా రెండూ ఇవ్వాలి. ఆనకట్ట గేటు నియమాల్లో ఆ రెండు నెలలు రాసి ఉండాలి. మొదటి మూడూ అక్కడి ప్రభుత్వాలు, సంస్థలు, గ్రామాలు చూసుకోవాల్సినవి. నాలుగోది ఎవరో ఒక ఇంజనీరు బల్ల మీద తేలుతుంది. ఆ బల్ల షింగు నది దగ్గరే ఉండొచ్చు, ఇంకో నది దగ్గరైనా ఉండొచ్చు. మన క్లాసులో ఇప్పుడు కూర్చున్నవాళ్ళలో కొందరు రేపు అలాంటి బల్లల దగ్గరే కూర్చుంటారు.

గేటు ఎత్తమని సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడిగితే చాలు. దిగువన ఇసుకలో ఇప్పుడు ఏమున్నాయి? ఆ ఇసుక ఎదురుగా, నీళ్ళలో, తల్లులు ఇంకా వేచి ఉన్నాయి.